పోటు రాని నీళ్లు

అంత నీళ్లుండీ ఉప్పు లేకపోవడం నేను మొదటిసారి చికాగోలో చూశాను. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనబడదు. అలలు వచ్చి రాళ్లకు కొట్టుకుంటున్నాయి, తెల్లటి పిట్టలు అరుస్తూ నెత్తి మీద తిరుగుతున్నాయి. ఇది సముద్రం కాకపోతే మరేది సముద్రం? వంగి పుడిసెడు నీళ్లు తీసి నాలుక మీద వేసుకున్నాను. చప్పగా ఉన్నాయి. మా ఊరి మంచినీళ్ల బావి కంటే చప్పగా ఉన్నాయి. "అమ్మా, ఆ నీళ్లు తాగమాక!" అని మా అమ్మాయి పద్మ వెనక నుంచి కేక వేసింది. తాగలేదు, రుచి చూశానంతే. ఉప్పు మడుల గట్టు మీద పుట్టిన మనిషి నీళ్ల దగ్గరికి పోతే చెయ్యి ముందుగా చేసే పని అదే. ఆ చప్పదనం నాకు ఆ పూటే ఒక హెచ్చరిక కావలసింది. నేనే పట్టించుకోలేదు.

మా అమ్మాయి వాళ్లుండే నేపర్‌విల్ నుంచి పొద్దున్నే రైలెక్కి అక్కడికి వెళ్లడానికి కారణం మా మనవరాలు నిత్య. తొమ్మిదేళ్ల పిల్ల. ఇంట్లో నోరు మూయదు, బడిలో నోరు విప్పదు. తెలివైన పిల్లే గాని చెయ్యి ఎత్తదని టీచరు ప్రతిసారీ పద్మతో చెబుతూనే ఉంటుంది. ఆ నెలంతా వాళ్లకు గ్రహాల గురించీ చంద్రుళ్ల గురించీ పాఠాలు. గోడ మీద ప్రశ్నల చీటీలు అంటించి, ఒక్కొక్కరిని ఒక్కొక్కటి తీసుకోమన్నారు. జవాబు పుస్తకంలోంచో ఫోన్లోంచో రాసుకొస్తే చెల్లదు. కళ్లతో చూసిందో, చేత్తో కొలిచిందో ఏదో ఒకటి చూపించాలి. గురువారం సాయంత్రం బడి హాల్లో అమ్మానాన్నలందరూ వస్తారు, ప్రతి పిల్లా తన బల్ల దగ్గర నిలబడి నోరు తెరిచి చెప్పాలి. నిత్య వంతుకి వచ్చిన చీటీ: చంద్రుడు భూమిని లాగుతాడని మనకెలా తెలుసు?

"అమ్మమ్మా, ఇది చాలా హార్డ్. మూన్‌ని నేను ఎలా మెజర్ చేస్తా? అది అంత దూరం ఉంది" అని ఏడుపు మొహంతో వంటింట్లోకి వచ్చింది.

నేను చిక్కుళ్లు ఈనెలు తీస్తున్నాను. "దీనికా ఇంత బాధ? చంద్రుణ్ణి కొలవడానికి చంద్రుడి దాకా పోవాలా? పున్నమి నాడు నీళ్ల ఒడ్డున ఒక కర్ర పాతితే నీళ్లే చెబుతాయి, ఆయన ఎంత లాగుతున్నాడో."

"ప్రామిస్?"

"మా నాయనమ్మ మీద ఒట్టు."

ఆ ఒట్టు ఎందుకు వేశానో ఇప్పటికీ తెలియదు. నోటికి వచ్చేసింది.

నిజానికి ఆ నెల రోజులూ మా వంటిల్లే ఒక బడి అయిపోయింది. నిత్య ప్రశ్న తెచ్చేది, అది చదివిన జవాబు చెప్పేది, నేను నాకు తెలిసిన జవాబు చెప్పేదాన్ని. చిత్రమేమిటంటే చాలాసార్లు రెండూ ఒకచోటికే వచ్చేవి. ఒకరోజు కిటికీలోంచి చూసి, "అమ్మమ్మా, పగలు మూన్ ఎందుకు ఉంది? ఇప్పుడు నైట్ కాదుగా!" అంది. చంద్రుడికి రాత్రి డ్యూటీ అని ఎవరు చెప్పారే, అన్నాను. పున్నమి నాడు ఒక్కరోజే ఆయన సూర్యుడికి పూర్తిగా ఎదురు నిలబడి రాత్రంతా ఉంటాడు. మిగతా రోజుల్లో కొంత పగలు, కొంత రాత్రి. ఏడోనాటి చంద్రుడు మిట్టమధ్యాహ్నం తూర్పున లేస్తాడు, ఎండలో పని చేసేవాళ్లు రోజూ చూస్తారు, నీడపట్టున ఉండేవాళ్లకు తెలియదు. ఇంకొక రోజు, చంద్రుడు మనకి ఎప్పుడూ ఒక మొహమే చూపిస్తాడంది. అదెలాగో దానికి బొమ్మలో అర్థం కాలేదు. మా ఊళ్లో గానుగ ఉండేదని చెప్పాను. ఎద్దు గానుగ చుట్టూ రోజంతా తిరుగుతుంది. నడుమ కూర్చుని నువ్వులు ఎగదోసేవాడికి ఎప్పుడూ దాని ఒక్క డొక్కే కనబడుతుంది, రెండో డొక్క బయట నిలబడ్డవాళ్లకు గాని కనబడదు. మనం నడుమ కూర్చున్నవాళ్లం, చంద్రుడు గానుగెద్దు. నిత్య బల్ల మీద గిన్నె పెట్టి, దాని చుట్టూ ఎద్దులాగా నాలుగు చుట్లు తిరిగి, "ఓ! ఒక రౌండ్‌కి నేను కూడా ఒకసారి టర్న్ అవుతున్నా!" అని ఎగిరింది. నక్షత్రాలు మినుకుమంటాయి, గ్రహాలు మినుకుమనవు, ఎందుకని అడిగితే పొయ్యి దగ్గరికి తీసుకెళ్లాను. మరిగే నీళ్ల ఆవిరి అవతల ఆవగింజ పట్టుకున్నాను, వణికింది. నిమ్మకాయ పట్టుకున్నాను, నిలకడగానే ఉంది. నక్షత్రం ఎంత పెద్దదైనా దూరాన ఆవగింజ, గ్రహం దగ్గర కనక నిమ్మకాయ. మధ్యన వణికేది మన గాలే.

వేగుచుక్క మాట వచ్చినప్పుడు మాత్రం నేనే నోరు తెరిచాను. అది చుక్క కాదట, శుక్రుడట, గ్రహమట. అక్కడ మన పొయ్యి కంటే వేడి, మబ్బుల నిండా యాసిడ్ అని నిత్య చెప్పింది. మా నాయన జీవితమంతా దాన్ని చూసి నిద్ర లేచాడు. అది కనబడని నెలల్లో కోడి మీద ఆధారపడి, కోడిని తిట్టుకుంటూ లేచేవాడు. అంత చల్లగా కనబడేది అంత కొలిమి అని తెలిస్తే ఏమనేవాడో! "అయితే మన సంగతే నయం" అని ఉప్పెత్తే గమేళా నెత్తిన పెట్టుకుని మడుల్లోకి దిగేవాడనుకుంటాను.

మా ఇల్లు సముద్రానికి కూతవేటు దూరం. తాటాకు కప్పు, మట్టి గోడలు. ఉప్పు గాలికి గోడల సున్నం పెళ్లలు పెళ్లలుగా రాలేది, తలుపు గొళ్లెం చేత్తో పట్టుకుంటే తుప్పు అరచేతికి అంటేది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. ఎండిన నాచు, తడి బురద, తాటాకు పొగ, వాటి మీద నాయనమ్మ వేయించే ఎండు రొయ్యల పొడి. నాయనమ్మ బుగ్గన ఎప్పుడూ ఒక వక్కపలుకు ఉండేది. మాట్లాడేటప్పుడు దాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చిందంటే ముఖ్యమైన మాట రాబోతోందని లెక్క. నాయన పొద్దు కుంకే వేళకు వచ్చి గుమ్మంలో కూర్చుంటే, అమ్మ ఆయన పగిలిన మడమలకు ఆముదం రాసేది. ఉప్పు పుండ్లలోకి దిగి మండుతుంటే ఆయన పళ్లు బిగించి, నొప్పి మరవడానికి మాకు పొడుపు కథలు వేసేవాడు. విప్పలేకపోతే మేము ఓడినట్టు, మధ్యలో ఆయన అమ్మా అని మూలిగితే ఆయన ఓడినట్టు.

ఉప్పు పండటానికి ఎండ ఎంత ముఖ్యమో, నీళ్లు అంత ముఖ్యం. ఆ నీళ్లు రోజూ దొరకవు. సముద్రం రోజుకి రెండుసార్లు పోటెక్కి, రెండుసార్లు పాటుకి దిగుతుంది గాని, మా తూము ఎత్తుదాకా వచ్చే పెద్ద పోటు పున్నమికీ అమావాస్యకీ మాత్రమే. ఆ ఒకటి రెండు రోజుల్లో తూము తలుపు ఎత్తి నీళ్లు లోపలికి పట్టుకోవాలి. తప్పితే మళ్లీ పక్షం దాకా మడులు నోరెళ్లబెట్టుకుని ఉండటమే. తూము పక్కన మా నాయన తాటిమొద్దు ఒకటి పాతి, దానికి గాట్లు పెట్టాడు. ఎన్నో గాటు దాకా నీళ్లొస్తే తలుపు ఎత్తాలో గట్టు మీదున్న ఇళ్లన్నిటికీ తెలుసు. ఏ రోజు ఎత్తాలో చెప్పేది మాత్రం మా నాయనమ్మ.

ఆమె పంచాంగం గూట్లో ఉండేది. పదిహేను గవ్వలు. పున్నమి నాడు అన్నీ ఎడమ పక్కన. రోజూ సంజె దీపం పెట్టగానే ఒకటి కుడి పక్కకు జరిపేది. అన్నీ జరిగేసరికి అమావాస్య, మళ్లీ వెనక్కి. తిథుల హెచ్చుతగ్గులకు ఒక గవ్వ అటూ ఇటూ అయితే ఆకాశం చూసి సర్దేది. పోటు వేళ రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుతుంది కనక, మగవాళ్లు తూము దగ్గర ఉండే రోజుల్లో మా ఇంట్లో అన్నం వేళ కూడా రోజుకి రెండు గడియలు జరిగేది. ఈ సంగతి చెబితే మా అల్లుడు కిశోర్ వేళ్లు మడిచి లెక్క కట్టాడు. "గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు గదా అత్తమ్మా. రెండు గడియలంటే నలభై ఎనిమిది. ఫోన్ల యాభై అని చూపిస్తున్నది. మీ నాయనమ్మ మస్తు యాక్యురేట్ ఉన్నది!" ఎందుకు జరుగుతుందో నాయనమ్మకు తెలియదు. అది నిత్య చెప్పింది: భూమి ఒక చుట్టు తిరిగి వచ్చేలోపల చంద్రుడు నాలుగడుగులు ముందుకు పోయి ఉంటాడు, ఆయన్ని అందుకోవడానికి మనకి ఇంకొంచెం సేపు పడుతుంది. ఆ ముసలామెకీ ఈ పిల్లకీ ఒక పూట మాటలు కలిసుంటే ఎంత బాగుండేదో.

ఇంత తెలిసినదాన్ని కదా, నాకేం భయం? విరిగిన తుడుపు కర్ర ఒకటి గరాజ్‌లో దొరికితే, కత్తితో బొటనవేలి మందాన గాట్లు పెట్టాను, వాళ్లమ్మ గోళ్ల రంగుతో నిత్య ఒక్కో గాటుకీ ఎర్ర గీత గీసింది. మే నెలలో స్వెట్టర్లు వేసుకుని, పులిహోర డబ్బా, మడత కుర్చీలు, ఫ్లాస్కు మోసుకుని మేం నలుగురం ఆ మిచిగన్ సరస్సు ఒడ్డున దిగాం. పున్నమి, పైగా శనివారం. అలలు తగలని మూల చూసి రాళ్ల సందులో కర్ర బిగించాను. నిత్య ముందే అట్ట కూడా తయారు చేసుకుంది. పైన పెద్ద అక్షరాలు, కింద "నీళ్లు ఇన్ని గీతలు పెరిగాయి" అని ఇంగ్లీషులో రాసి, అంకె కోసం ఖాళీ వదిలింది.

మా దగ్గర పున్నమి పోటు చద్దన్నాల వేళకు వచ్చేది. ఇక్కడి వేళ నాకు తెలియదు గనక, ఆరు గంటలు ఎక్కుతుంది ఆరు గంటలు దిగుతుంది, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కూర్చుంటే పట్టుకోలేమా అన్నాను. కూర్చున్నాం. నిత్య గంటకోసారి పరుగెత్తి చూసొచ్చేది. మూడో గీత. మూడో గీత. పులిహోర అయిపోయింది. మూడో గీత. ఒకసారి గాలి విసిరితే నాలుగో గీత తడిసింది, అందరం లేచి నిలబడ్డాం, గాలి ఆగగానే నీళ్లు మళ్లీ మూడో గీతకు దిగాయి.

"ఏంది అత్తమ్మా, ఈ లేక్ ఇంత సైలెంట్‌గ ఉన్నది?" అన్నాడు కిశోర్.

"ఆగు బాబూ. నీళ్లకు తొందరుంటుందా?"

"మేం ఆగుతం గానీ పార్కింగ్..."

"మనం రైల్లో వచ్చాం కదా కిశోర్!" అంది పద్మ. "అలవాటై పోయింది ఈయనకి."

ఎండ వాలాక ఫోను చూస్తున్న కిశోర్ గొంతు తగ్గించాడు. సరస్సులకు పోటు లేదని కాదట, ఉందట. అంత పెద్ద మిచిగన్ సరస్సుకి కూడా చిటికెన వేలి పొడవు ఉండదట. గాలి తోసే తోపులో అది ఉన్నట్టే తెలియదట. నిత్య విన్నది. కర్ర దగ్గరికి పోయి దాన్ని పట్టుకుని నిలబడింది.

ఆ క్షణాన ఏమనాలో నాకు తెలుసు. అనలేదు. గాలి అడ్డం వచ్చిందేమో అన్నాను. కర్ర జారిందేమో అన్నాను. ఆఖరికి, "ఈ దేశంలో చంద్రుడు కొంచెం నీరసంగా ఉంటాడేమో" అని కూడా అన్నాను.

"అమ్మమ్మా, ఇట్స్ ద సేమ్ మూన్!" అని అరిచింది నిత్య. రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుని, "నువ్వు ప్రామిస్ చేశావ్. టీచర్‌కి చెప్పేశా నేను. థర్స్‌డే అందరూ నవ్వుతారు. నేను వెళ్లను" అంది. అంతే, నేపర్‌విల్ దాకా నా వైపు చూడలేదు.

ఒళ్లో ఎర్రగీతల కర్ర పెట్టుకుని, రైలు ఊపుకి ఊగుతూ కూర్చున్నాను. నాకు ఒకప్పుడు మా ఊరి తూము దగ్గర నిలబడ్డ జనం గుర్తొచ్చారు.

ఆ ఏడు నాకు కూడా తొమ్మిదో పదో. నాలుగో తరగతి మానేసి ఇంట్లో ఉంటున్న రోజులు. మాఘమాసంలో వానా పడదు, మబ్బూ వదలదు, వారం రోజులు చంద్రుడి మొహం ఎవరూ చూడలేదు. నాయనమ్మకు అప్పుడు మోకాళ్ల నొప్పులు. సంజె వేళ ఆమె లేవలేక మూలుగుతుంటే, నేను సాయం చేద్దామని గవ్వ జరిపాను. చెప్పలేదు. ఆమె ఆ తర్వాత ఎలాగో లేచి దీపం పెట్టి, తనూ ఒకటి జరిపింది. అలా మూడు సంజెలు. నాకు మహా గొప్పగా ఉండేది, ఇల్లు నేనే నడుపుతున్నట్టు. నాలుగో రోజు నాయనమ్మ వక్కపలుకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, రేపే పోటు అని చెప్పింది.

తెల్లవారి గట్టు మీది మగవాళ్లందరూ తూము దగ్గర చేరారు. కాలువ పూడిక తీసి, తలుపు మీద నలుగురు చేతులు వేసి నిలబడ్డారు. నీళ్లు వచ్చాయి, తాటిమొద్దు నడుం దాకా వచ్చి ఆగాయి, వెనక్కి తిరిగాయి. ఇంకా మూడు రోజులుంది పున్నమికి. ఆ పూట పని పోయింది, అవతలి మడుల్లో కూలికి పోవలసినవాళ్లు మా నాయనమ్మ మాట నమ్మి ఆగిపోయారు. ఒకాయన ఉమ్మి, "ముసల్దానికి చూపానలేదంట్రా" అన్నాడు. మా నాయన తల వంచుకున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. సంజెకి ఒకటి కాదు, రెండేసి గవ్వలు జరిగాయి.

నాయనమ్మ కర్ర ఊనుకుంటూ గట్టు మీద నడిచి వచ్చింది. ఆ మోకాళ్లతో అంత దూరం ఎలా వచ్చిందో. అందరి నడుమ నిలబడి, వక్కపలుకు ఉమ్మేసి, "లెక్క తప్పింది నాదే. మూడు రోజులాగి రండి" అంది. ఎందుకు తప్పిందో చెప్పలేదు. మబ్బు మీద పెట్టలేదు, మోకాళ్ల మీద పెట్టలేదు.  చూపానలేదన్న ఆయనే ఆమెను చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టాడు.

ఇంటికొచ్చాక గూటి ముందు నిలబడి గవ్వలు చూసింది. తర్వాత నన్ను చూసింది.  నేను రాత్రి అన్నం తినకపోతే, "తిను. గవ్వలకేం, మళ్లీ జరపొచ్చు" అంది. మర్నాడు సంజెకి నా చేతిలో ఇంకొక పదిహేను గవ్వలు పోసింది. "ఈ గూడు నాది, ఆ గూడు నీది. నా వాటి జోలికి రాబాక, నీ వాటి జోలికి నేను రాను. పున్నానికి రెండూ కలవాలి. కలవకపోతే ఎవరో ఒకరం తప్పు. అది కనుక్కోవడానికే ఇద్దరం." ఆ తర్వాత మా గట్టు మీద పోటు లెక్క తప్పలేదు. నన్ను తిట్టి ఉంటే ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో.

ఇల్లు చేరాక నిత్య గది తలుపు తట్టాను. మంచం మీద బోర్లా పడుకుని ఉంది. "లెక్క తప్పింది నాదే" అన్నాను. "గాలీ కాదు, కర్రా కాదు. నాకు తెలిసింది సముద్రం. సరస్సు నాకు తెలియదు. తెలియకుండానే తెలుసన్నాను. పైగా ఒట్టేశాను." తర్వాత గవ్వల కథ మొత్తం చెప్పాను. కథ సగానికి వచ్చేసరికి తిరిగి పడుకుంది, చివరికి వచ్చేసరికి లేచి కూర్చుంది.

"యువర్ గ్రాండ్‌మా నీ పేరు చెప్పలేదా? అసలు?"

"అసలు."

దిండు ఒళ్లోకి లాక్కుంది. "అయితే మనకి కూడా సెకండ్ గూడు కావాలి. లేక్ ఒకటి. ఓషన్ ఒకటి. సేమ్ మూన్‌కి."

సముద్రం కోసం న్యూజెర్సీకి ఫోన్ చేశాను. మా చెల్లెలి కూతురు సుజాత పార్సిప్పనీలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ పని. అది కూడా మా గట్టు మీది పిల్లే. "పెద్దమ్మా, రేపు ఆదివారం. బట్టలుతుక్కోవాలి, కూరలొండుకోవాలి, సోమవారం నాకు రిలీజుంది. ఇప్పుడు గంటన్నర డ్రైవ్ చేసి బీచ్‌లో కర్ర పాతమంటావేంది నువ్వు?" అని మొత్తుకుంది. నిత్య ఫోన్ లాక్కుని, "ప్లీజ్ సుజాత పిన్నీ" అంది. అవతల నిట్టూర్పు వినబడింది. "సరే, ఎన్ని గాట్లు పెట్టాలో చెప్పు."

ఆదివారమంతా అది గంట గంటకీ ఫొటోలు పంపింది. పాటు వేళకు ఇసకలో పాతిన చీపురు కర్ర, పొడిగా. తర్వాత అడుగు తడిసి. తర్వాత సగం. తర్వాత కొస మాత్రం. ఆఖరి ఫొటోలో కర్ర లేదు, కర్ర ఉన్న చోట అల ఉంది, దాని మీద తేలుతూ ఒక చెప్పు ఉంది. "ఆ చెప్పు నాది పెద్దమ్మా! నిన్నగాక మొన్న కొన్నా!" పద్మా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. నిత్య మాత్రం నవ్వకుండా ఒక్కో ఫొటోలో గీతలు లెక్కపెట్టి రాసుకుంటూ కూర్చుంది.

గురువారం నేను కూడా వెళ్లాను. నిత్య బల్ల మీద ఎడమ పక్కన సరస్సు ఫొటోలు, కుడి పక్కన సముద్రం ఫొటోలు, నడుమ ఒక బేకింగ్ ట్రే, ఒక చెంచా, రెండిట్లో నీళ్లు. ఖాళీ వదిలిన చోట సున్నా వేసింది. హాలు నిండా గోల. మెడలో ఆఫీసు బ్యాడ్జీ తీయకుండానే వచ్చిన ఒకాయన వంగి చూసి, ఈ సున్నా ఏమిటి, ప్రయోగం కుదరలేదా అని నవ్వుతూ అడిగాడు. నిత్య బల్ల వెనక్కి జరిగింది.  చెవులు ఎర్రబడ్డాయి. ఫ్రాకు అంచు మెలిపెడుతోంది. పద్మ ముందుకు అడుగు వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపి, నేనే బల్ల పక్కకి వెళ్లాను. నాకున్న ఇంగ్లీషంతా కూడదీసుకున్నాను.

"మై మిస్టేక్" అన్నాను. "ఐ సే, లేక్ వాటర్ కమ్ అప్. నో కమ్. మై మిస్టేక్."

ఆయన నన్నూ నిత్యనీ మార్చి మార్చి చూశాడు.  తెలుగులో నిత్యతో అన్నాను: "చెప్పవే, నా తప్పేమిటో ఆయనకి చెప్పు. నాకు రావడం లేదు."

అంతే. గట్టు తెగినట్టు ఆ పిల్ల నోరు తెరుచుకుంది. మా అమ్మమ్మ ఉప్పు పండించే ఊళ్లో పుట్టిందని మొదలుపెట్టింది. చంద్రుడు తన వైపున్న నీళ్లని కాస్త ఎక్కువ, అవతలి వైపు నీళ్లని కాస్త తక్కువ లాగుతాడని, ఆ తేడాకి సముద్రం రెండు వైపులా ఉబ్బుతుందని, భూమి తిరుగుతూ ఆ రెండు ఉబ్బుల కిందుగా పోతుంది కాబట్టి రోజుకి రెండు పోట్లని చెప్పింది. మరి సరస్సు సంగతేమిటని ఆయన అడగ్గానే ట్రే తీసి కొంచెం వంచింది, నీళ్లు ఒక అంచుకి చేరి బల్ల మీద ఒలికాయి. చెంచాని అంతే వంచింది, బొట్టు కదల్లేదు. అది శనివారం రాత్రి నా వంటింట్లో మేమిద్దరం కనిపెట్టుకున్నదే. లాగేవాడు ఒకడే, లాగించుకోవడానికి ఇవతలి నుంచి అవతలికి అంత వెడల్పుండాలి, చేరడానికి ఎక్కడెక్కడి నుంచో నీళ్లు రావాలి. ఆయన తడిసిన తన చొక్కా చెయ్యి చూసుకుని పెద్దగా నవ్వాడు. చుట్టూ జనం చేరారు. నిత్య ట్రే మళ్లీ నింపుకొచ్చి మళ్లీ చెప్పింది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు చెప్పిందో, ప్రతిసారీ "మా అమ్మమ్మ తప్పు చెప్పింది" అన్న దగ్గర నన్ను వేలితో చూపించేది, నేను ప్రతిసారీ చెయ్యి ఊపేదాన్ని.

అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూసుకుంటే, ఇప్పుడు తెలియనిదంటూ లేదు. చంద్రుడు ఎన్నింటికి లేస్తాడో నిమిషంతో సహా ఫోను చెబుతుంది. గవ్వలు, గూళ్లు, తాటిమొద్దులు అక్కర్లేదు. నాకు అందులో బాధేమీ లేదు, మా నాయన చేతిలో అలాంటి ఫోనుంటే ఆ మడమలకి ఎన్ని నడకలు తప్పేవో. ఒకటి మాత్రం చూస్తుంటాను. మా కారులో దారి చెప్పే ఆవిడ ఉంది కదా, తప్పు దారి పట్టించి కూడా ఏమీ ఎరగనట్టు, అదే గొంతుతో ఇంకో దారి చెబుతుంది. తప్పు నాదే అనదు. కిశోర్ దాన్ని తిడతాడు, దానికి సిగ్గూ లేదు. లెక్క చెప్పేవాళ్లు ఎందరైనా దొరుకుతారు. ఆ మోకాళ్లతో గట్టు మీదికి నడిచొచ్చేవాళ్లు ఉంటేనే ఆ లెక్కను నమ్మబుద్ధి అవుతుంది.

వంటింటి కిటికీ అంచు మీద ఇప్పుడు రెండు వరసలు. గవ్వలు దొరక్క పిస్తా పెంకులు పెట్టాం. ఎడమ వరస నాది, కుడి వరస నిత్యది. సంజెకి ఎవరిది వాళ్లం జరుపుతాం. బడికి సెలవులిచ్చే ముందు వారం, ఒక పొద్దున టీ పెడుతూ చూద్దును కదా, నావి తొమ్మిది జరిగి ఉన్నాయి, దానివి ఏడు. పిల్ల మరిచిపోయిందనుకుని ముసిముసిగా నవ్వుకున్నాను. బయటికి తొంగి చూశాను. ఎదురిళ్ల కప్పుల మీద, నీలం ఆకాశంలో, సగానికి కోసిన కొబ్బరి ముక్కలాగా చంద్రుడు. సరిగ్గా సగం. సగం చంద్రుడికి ఏడు. అప్పుడు గుర్తొచ్చింది. ఇక్కడ ఈ నెలల్లో పొద్దు ఎనిమిది దాటితే గాని కుంకదు. మధ్యాహ్నం కునుకు తీసి లేచి, సంజె అయిందనుకుని ఒకటి, భోజనాలయ్యాక అసలు సంజెకి ఇంకొకటి. రెండు రోజులు అలా చేసి ఉంటాను.

బస్సొచ్చే వేళైంది. పొయ్యి కట్టేసి, చేతికందిన కిశోర్ చెప్పుల్లో కాళ్లు దూర్చి మూల మలుపు దాకా గబగబా నడిచాను. నిత్య సంచీ తగిలించుకుని పిల్లలతో నిలబడి ఉంది. దగ్గరికి పోయి ఊపిరి పీల్చుకుని, "నిత్యా, లెక్క తప్పింది నాదే" అన్నాను.

"ఐ నో అమ్మమ్మా" అంది. తల ఎత్తి చంద్రుణ్ణి చూసి, నన్ను చూసింది. "నిన్ననే చూశా. నువ్వు వచ్చి చెప్తావని వెయిట్ చేస్తున్నా."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, రెండు వేళ్లు చూపించింది. రెండు పెంకులు వెనక్కి జరపమని.